తెగని లంకెలతోనే చిక్కంతా

మా చిన్నప్పుడు ఊళ్ళో ఎవరైనా ఉన్నట్టుండి మేడ కట్టారంటే "వాళ్ళకి లంకెబిందెలు దొరికాయటర్రా" అని చెప్పుకునేవాళ్ళు. ఆ బిందెల్ని నేనైతే ఎప్పుడూ చూడలేదు. ఇరవయ్యేళ్ళ పైబడిన ఈ సాఫ్టువేరు కొలువులో నేను చూసిన లంకెలన్నీ వేరే రకం. వర్డ్ పత్రానికీ ఎక్సెల్ పట్టికకీ మధ్య కట్టేవి. వీటివల్ల మేడలు కట్టినవాళ్ళెవరూ నాకు తగల్లేదు గానీ, నిద్ర పోగొట్టుకున్నవాళ్ళు మాత్రం చాలామందే తగిలారు.

సాఫ్టువేరు ఉద్యోగి అంటే చుట్టాల దృష్టిలో కరెంటుతో నడిచే ప్రతి వస్తువుకీ వైద్యుడు. ప్రింటరు మొరాయించినా నాకే ఫోను, టీవీలో ఛానెల్ రాకపోయినా నాకే ఫోను. వాటిలో తరచుగా వచ్చేదొకటుంది. "నాయనా, వర్డులో టేబుల్ ఉండాల్సిన చోట 'ఎర్రర్, నాట్ ఎ వాలిడ్ లింక్' అని వస్తోంది. తెల్లారితే రిపోర్టు ఇవ్వాలి." ఇన్నాళ్ళూ నేనూ ఆ తెగిన లంకెని అతికించి, వాళ్ళు పెట్టిన కాఫీ తాగి, గొప్ప పని చేసినట్టు ఇంటికొచ్చేవాణ్ణి. 2024 దసరా తర్వాత నా అభిప్రాయం మారింది. ఇప్పుడెవరైనా లింకు తెగిందని మొత్తుకుంటే "అదృష్టవంతులండీ మీరు, తెగిందని మీకు తెలిసింది" అంటున్నాను. తెగాల్సి ఉండీ తెగకుండా, పాత అంకెని కొత్త అంకెలాగా చూపిస్తూ కూర్చునే లంకె ఉందే, అసలు కొంపలు ముంచేది అదీ. ఈ గోలంతా దాని మీదే.

ముందు జరిగింది చెప్తాను.

మా మేనత్త కొడుకు, నాకు బావ అవుతాడు, కోస్తాలో ఒక చిన్న టౌన్లో ట్రస్టువాళ్ళు నడిపే బడిలో లెక్కలు రాస్తాడు. (బడి పేరు చెప్పను, అడక్కండి.) పాతకాలం బీకాం. ఏటా ట్రస్టు సమావేశానికి నలభై పేజీల వార్షిక నివేదిక తయారుచెయ్యడం ఆయన పని. రాతంతా వర్డులో, లెక్కలన్నీ ఎక్సెల్లో. నివేదికలో పద్నాలుగు పట్టికలుంటే పద్నాలుగూ ఎక్సెల్ నుంచి లంకె వేసినవే.

2023-24 నివేదికకి ఆయనేం చేశాడయ్యా అంటే, మనందరం చేసేదే. "2022-23" అనే ఫోల్డరుని కాపీ చేసి "2023-24" అని పేరు పెట్టాడు. కొత్త ఫోల్డర్లో ఉన్న ఎక్సెల్లో కొత్త లెక్కలు ఎక్కించాడు. వర్డు పత్రం తెరిచి శీర్షికల్లో సంవత్సరాలు మార్చాడు. లింకులు ఇంకా పాత ఫోల్డరునే పట్టుకుని ఉంటాయని ఆయనకి తెలుసు. అందుకని లింకుల పెట్టె తెరిచి, ఒక్కోదానికీ "ఛేంజ్ సోర్స్" నొక్కి కొత్త ఫైలు చూపించాడు. పద్నాలుగు లింకులకి పద్నాలుగుసార్లు. మధ్యలో ఎవరో పిల్లవాడి తండ్రి ఫీజు రసీదు కోసం వచ్చాడట. లేచి వెళ్ళి, రసీదు రాసిచ్చి, వచ్చి మిగతావి పూర్తిచేశాడు.

పదమూడు మారాయి. ఒకటి మారలేదు. ఆ ఒక్కటీ ఫీజు బకాయిల పట్టిక.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ ఒక్క లంకె తెగలేదు. పాత ఫోల్డరు ఎక్కడికీ పోలేదు కదా, భేషుగ్గా ఉంది. పత్రం తెరిచినప్పుడల్లా "లింకులున్నాయి, అప్‌డేట్ చెయ్యమంటారా" అని అడిగింది. ఈయన "ఎస్" అన్నాడు. అది బుద్ధిగా పోయినేడాది ఫైల్లోంచి పోయినేడాది అంకెల్ని తెచ్చి, "2023-24 ఫీజు బకాయిలు" అనే శీర్షిక కింద పేర్చింది. ఎర్ర అక్షరం లేదు, హెచ్చరిక లేదు.

సమావేశంలో ఏం జరిగిందంటే, నివేదికలో బకాయిలు 4,62,750 రూపాయలు. ఆడిటరుగారి లెక్కలో 7,81,150. తేడా 3,18,400. సభ్యుల్లో ఒక పెద్దమనిషి లేచి తీసిన తర్కం వినండి. "పిల్లల దగ్గర్నుంచి ఇంకా రావాల్సింది నాలుగు లక్షల చిల్లరేనని గుమాస్తా స్వయంగా రాశాడు. పుస్తకాల్లో మాత్రం ఏడు లక్షల ఎనభై వేలు రావాలని ఉంది. అంటే మూడు లక్షల పైచిలుకు వసూలైపోయి, పుస్తకాల్లోకి ఎక్కకుండా ఎటో వెళ్ళినట్టే కదా?" ఆ తర్కంలో తప్పుపట్టడానికేం లేదు. అందుకే అది అంత ప్రమాదం. మినిట్సు పుస్తకంలో "లెక్కల గుమాస్తా నుండి సంజాయిషీ కోరడమైనది" అని ఒక వాక్యం ఎక్కింది. బావని కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండమన్నారు. ఆ కొన్నాళ్ళూ పదకొండు రోజులయ్యాయి. చిన్న టౌన్లో లెక్కల గుమాస్తా పదకొండు రోజులు పనికెళ్ళకుండా అరుగు మీద కూర్చుంటే జనం ఏమనుకుంటారో మీకు చెప్పక్కర్లేదు.

నేను పండక్కి వెళ్ళేసరికి ఇదీ పరిస్థితి. అత్తయ్య వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. బావ నాతో అన్న మాట మాత్రం ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. "ఎక్సెల్లో సరిగ్గానే వేశాన్రా. పదిసార్లు చూసుకున్నాను. అయినా కాగితం మీద అదే అంకె వచ్చింది. నాకే బుర్రలో ఏదో అయిందేమోనని భయంగా ఉంది." ముప్ఫయ్యేళ్ళుగా లెక్కలు రాస్తున్న మనిషి తన బుర్రని అనుమానించుకున్నాడు గానీ, ఆ పెట్టెని అనుమానించలేదు!

పత్రం నకలు ఒకటి ఆయన పెన్‌డ్రైవులో ఉంది. నా ల్యాప్‌టాప్‌లో తెరిచి ఆల్ట్, ఎఫ్9 కలిపి నొక్కాను. పట్టికలన్నీ మాయమై, వాటి స్థానంలో వాటి వెనకాలున్న ఫీల్డు కోడ్లు కనపడ్డాయి. ఒక్కో దాంట్లో ఒక్కో ఫైలు చిరునామా. పదమూడింటిలో 2023-24. తొమ్మిదోదానిలో 2022-23. వెతికి పట్టుకోడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. బావ ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత అన్నాడు, "అయితే తప్పు నాదేగా. ఒకటి వదిలేశాను."

కాదు బావా. ఈ వ్యాసం రాసేది అది కాదని చెప్పడానికే.

అంతకంటే ముందు నేనొకటి ఒప్పుకోవాలి. ఆయనకి ఈ "పేస్ట్ లింక్" నేర్పింది ఎవరనుకున్నారు? నేనే. 2019లో ఒక సెలవులకి వెళ్ళినప్పుడు ఆయన ఎక్సెల్లో అంకెలు చూస్తూ వర్డులో ఒక్కోటీ టైపు చేసుకుంటున్నాడు. ప్రతి అంకె పక్కనా ప్రింటు కాగితం మీద పెన్సిలుతో టిక్కు. నాకు నవ్వొచ్చింది. "ఇంకా ఇలా చేస్తున్నావేంటి బావా, రాతియుగంలో ఉన్నావా" అని, అక్కడికక్కడే లంకె వేసి చూపించి, ఎక్సెల్లో అంకె మారిస్తే వర్డులో దానంతటదే మారడం చూపించి, ఇంటిల్లిపాదికీ గారడీ చేసినంత పోజు కొట్టాను. ఆ పెన్సిలు టిక్కుల్ని మాన్పించింది నేను. వాటి బదులు ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. ఎందుకంటే నాకూ తెలీదు.

ఇప్పుడు అసలీ లంకె అంటే ఏమిటో చూద్దాం. ఎక్సెల్లో కొన్ని గళ్ళు కాపీ చేసి, వర్డులో పేస్ట్ స్పెషల్‌లో పేస్ట్ లింక్ అన్నప్పుడు అక్కడ ఒక ఫీల్డు పడుతుంది. అందులో ఏ ఫైలు, ఆ ఫైల్లో ఏ షీటు, ఏ గళ్ళు అన్నవి రాసుకుంటుంది. వాటితోపాటు కిందటిసారి తెచ్చిన ఫలితాన్ని కూడా దాచుకుంటుంది. మీ తెర మీద కనపడేది ఆ దాచుకున్నదే. ఈ మూడింటిలోనూ మూడు మెలికలున్నాయి.

మొదటిది, ఫైలు చిరునామా. అది డ్రైవు అక్షరం దగ్గర్నుంచి మొదలుపెట్టి పూర్తి దారి. "నా పక్కనే ఉన్న ఫలానా ఫైలు" అని రాసుకోదు. అంచేత మీరు రెండు ఫైళ్ళూ ఉన్న ఫోల్డరుని కాపీ చేసినా, కొత్త పత్రం తన పక్కనున్న కొత్త ఫైలు వైపు చూడదు, పాత ఇంటికే వెళ్ళి తలుపు తడుతుంది. పాత ఇల్లు లేకపోతే తెగిందంటుంది. ఉంటే, అక్కడ ఏది దొరికితే అది తెచ్చి మీ చేతిలో పెడుతుంది. ఈమధ్య వన్‌డ్రైవులో పెట్టుకుంటున్నవాళ్ళకి ఇంకో వేడుక. కంప్యూటర్లో ఉన్న దారి కాస్తా కొన్నిసార్లు మీకు చెప్పకుండానే ఇంటర్నెట్ చిరునామాగా మారిపోతుంది.

రెండోది, గళ్ళు. మామూలుగా లంకె వేస్తే అందులో ఉండేది ఫలానా వరస నుంచి ఫలానా వరస దాకా అనే లెక్క. వర్డు పత్రం మూసి ఉన్నప్పుడు మీరు ఎక్సెల్లో పైన ఒక వరస చేర్చారనుకోండి, ఆ సంగతి లంకెకి తెలీదు. అది పాత వరసల్నే పట్టుకొస్తుంది. మొత్తం ఉండాల్సిన చోట ఏడో తరగతి వస్తుంది. ఇక్కడా లంకె తెగదు.

మూడోది, దాచుకున్న ఫలితం. ఈ పత్రాన్ని మీరు ఇంకొకరికి మెయిల్లో పంపితే, వాళ్ళ దగ్గర ఎక్సెల్ ఫైలు లేకపోయినా అంకెలు కనపడతాయి. ఎప్పటి అంకెలు? ఎప్పుడో కిందటిసారి అప్‌డేట్ చేసినప్పటివి. అది నిన్నో, ఆర్నెల్ల కిందటో కాగితం మీద ఎక్కడా ఉండదు. పైగా మెయిల్లో వచ్చిన పత్రం ప్రొటెక్టెడ్ వ్యూలో తెరుచుకుంటుంది. అక్కడ లింకులు అప్‌డేట్ కావు.

ఈ సరంజామా ఈనాటిది కాదు. డీడీఈ అనేది 1987లో వచ్చింది, దాని తర్వాత 1990లో ఓఎల్ఈ. ఒక మనిషి, ఒక కంప్యూటరు, ఒక హార్డ్ డిస్కు ఉన్న రోజులవి. ఆ రోజులకి అది నిజంగా గొప్ప ఆలోచనే, నేను కాదనను. కానీ అప్పట్నుంచీ ఫైళ్ళు నెట్‌వర్కుల్లోకి, పెన్‌డ్రైవుల్లోకి, మెయిళ్ళలోకి, మబ్బుల్లోకి వెళ్ళిపోయాయి. లంకె మాత్రం మొదట్నుంచీ ఉన్న తీరులోనే ఉంది.

ఇహ "అప్‌డేట్ చెయ్యమంటారా" అనే ఆ ప్రశ్న సంగతి. అది ఊరికే పెట్టింది కాదు, ఒప్పుకుంటాను. 2017లో డీడీఈని అడ్డం పెట్టుకుని వర్డు పత్రాల ద్వారా వైరస్సులు పంపించారు. ఆ ఏడాది డిసెంబరులో వర్డులో డీడీఈని ఏకంగా ఆపేశారు కూడా. అడగడం మంచిదే. కానీ అడిగే పద్ధతి ఇదా? ఏ ఫైలు నుంచి తెస్తావో చెప్పవు. ఆ ఫైలు ఎప్పటిదో చెప్పవు. ఎన్ని అంకెలు మారతాయో చెప్పవు. "ఏవో లింకులున్నాయి, తెమ్మంటారా, వద్దా" అంటే మనిషి ఏం చెప్తాడు? ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు, ఎస్ అంటాడు. భయస్తుడైతే నో అంటాడు. ఎస్ అన్నా ప్రమాదమే, నో అన్నా ప్రమాదమే. తర్వాత తేడా వస్తే "మీరే కదా ఎస్ అన్నారు" అంటుంది.

ఈ సంగతి మా ఆఫీసులో చెప్తే మూడు రకాల సలహాలొచ్చాయి. మీకూ ఇవే తడుతుంటాయి కాబట్టి ఇక్కడే తేల్చేస్తాను.

మొదటి సలహా: "బ్రేక్ లింక్ కొట్టి పడేస్తే పోలా." అంటే రోగం కనపడకుండా నొసటి బొట్టుకాయ చెరిపేసినట్టు. బ్రేక్ చేశాక అంకె అక్కడే ఉంటుంది, అది ఎక్కడ్నుంచి వచ్చిందో చెప్పే ఒకే ఒక్క ఆధారం పోతుంది. మా బావ ఆ పని చేసి ఉంటే? సమావేశానికి ముందు రోజు "ఇక మారకూడదు" అని అన్నీ బ్రేక్ చేసి ఉంటే? ఆల్ట్ ఎఫ్9 నొక్కితే నాకేమీ కనపడేది కాదు. ఆయన నిర్దోషి అని చెప్పే సాక్ష్యం ఆయన చేత్తోనే చెరిగిపోయేది.

రెండో సలహా: "ఫైళ్ళు కదపకూడదు, ఫోల్డరు పేర్లు మార్చకూడదు. క్రమశిక్షణ ఉండాలండీ." ఇది చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఏడాది మారితే ఫోల్డరు మారదా? కంప్యూటరు పాడైతే కొత్తది కొనరా? గుమాస్తా బదిలీ అయితే ఫైళ్ళు ఇంకొకరి చేతికి వెళ్ళవా? ఫైళ్ళు కదలడం లోకసహజం. కదిలితే తప్పుడు లెక్క చూపించే వస్తువుని తయారుచేసి, కదపడం నేరం అంటే ఎలా? 1998లో టిమ్ బెర్నర్స్-లీ ఇంటర్నెట్ చిరునామాలు ఊరికే మార్చకూడదని ఒక వ్యాసం రాశాడు, అందులో న్యాయముంది. కానీ అక్కడ పేజీ పోతే 404 అని మొహమ్మీద చెప్తుంది. పాత పేజీని తెచ్చి కొత్తదని నమ్మించదు.

మూడో సలహా: "గూగుల్ డాక్స్‌కి మారిపోండి." మారిన మాట నిజం, చాలామంది మారారు. అక్కడ లంకె ఫైలు దారి మీద కాక ఫైలు గుర్తింపు సంఖ్య మీద ఉంటుంది కాబట్టి పేరు మార్చినా, వేరే ఫోల్డర్లోకి తోసినా తెగదు. బాగుంది. కానీ పట్టిక దానంతటది మారదు, అప్‌డేట్ అనే బొత్తాం మీరు నొక్కాలి. అంతకంటే ముఖ్యం, మీరు పత్రాన్నీ షీటునీ కొత్త ఏడాది కోసం కాపీ చేస్తే, కొత్త పత్రంలోని లంకె పాత షీటునే పట్టుకుని ఉంటుంది. అంటే మా బావకి జరిగింది జరిగినట్టే అక్కడా జరుగుతుంది. ఇల్లు మారినా దయ్యం వెంటే వచ్చింది.

మరి లోపం ఎక్కడుంది? దీనికి సమాధానం నాకు మా బావే చెప్పాడు, తనకి తెలీకుండానే. ఆ రాత్రి మాటల్లో తను కాలేజీలో నేర్చుకున్న చిట్టా, ఆవర్జాల గురించి ఎత్తాడు. కామర్సు చదివినవాళ్ళకి తెలుసు. చిట్టాలో పద్దు రాసేటప్పుడు పక్కన ఒక సన్నటి గడి ఉంటుంది, ఆవర్జా పుట సంఖ్య రాయడానికి. ఈ పద్దు ఆవర్జాలో ఫలానా పేజీకి వెళ్ళింది అని గుర్తు. ఆవర్జాలోనూ అలాంటిదే ఇంకో గడి, ఈ మొత్తం చిట్టాలో ఫలానా పేజీ నుంచి వచ్చింది అని. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు. ఎవడు ఏ అంకె మీద వేలు పెట్టి "ఇదెక్కడిది" అని అడిగినా జవాబు ఆ గడిలోనే ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉందంటే పద్దు ఇంకా ఎక్కించలేదని అర్థం.

అరె, ఇది రెండువైపులా కట్టిన లంకె కదా! కాగితమూ కలమూ తప్ప ఇంకేమీ లేని గుమాస్తాలు వాడుకున్న పద్ధతి. మన కంప్యూటరు లంకె ఒకవైపే కట్టింది. వర్డుకి ఎక్సెల్ తెలుసు, ఎక్సెల్‌కి వర్డు తెలీదు. ఒక గడిలో అంకె మారిస్తే, దాని మీద ఏ ఏ పత్రాలు ఆధారపడి ఉన్నాయో ఆ ఎక్సెల్ ఫైలు చెప్పలేదు. పోనీ కట్టిన ఆ ఒక్కవైపైనా కనపడేట్టు కట్టారా అంటే, ఆల్ట్ ఎఫ్9 అనే మంత్రం తెలిసినవాడికే కనపడుతుంది. కాగితం మీదకి ఎక్కేసరికి అదీ మాయం. పుట్టుపూర్వోత్తరాలు లేని అంకె ఒకటి, గంభీరంగా, గీతల పట్టికలో కూర్చుని ఉంటుంది.

సాఫ్టువేరుకి ఆ వివరం తెలియక కాదు సుమండీ. ఏ ఫైలో దానికి తెలుసు, ఆ ఫైలు ఎప్పుడు మార్చారో చూసి తెలుసుకోగలదు. పట్టిక కింద చిన్న అక్షరాల్లో "ఫలానా ఫైలు, ఫలానా తేదీన తెచ్చింది" అని ఒక వరస రాయడానికి మహా అయితే నాలాంటివాడు నాలుగు రోజులు కూర్చోవాలి. ఎందుకు చెయ్యలేదంటే, పత్రం అందంగా ఉండాలట. అందం కోసం ఆనవాలు తీసేశారు.

ఇదంతా ఒక గుమాస్తా గొడవ అని తీసిపారెయ్యకండి. 2012లో జేపీ మోర్గాన్ బ్యాంకు లండన్ ఆఫీసులో 600 కోట్ల డాలర్ల పైచిలుకు నష్టం వచ్చింది. నష్టానికి కారణాలు చాలా ఉన్నాయి, కానీ బ్యాంకు తనే 2013 జనవరిలో బయటపెట్టిన నివేదిక ప్రకారం, ముప్పుని అంచనా కట్టే లెక్క వరసగా కొన్ని ఎక్సెల్ షీట్లలో నడిచేది. ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి అంకెల్ని మనుషులు చేత్తో కాపీ చేసి అతికించేవాళ్ళు. అంత పెద్ద బ్యాంకు పరిస్థితి అది. మా బావ బడి ఏపాటి?

డబ్బు పోతే పోయింది, మనుషులు పోయిన కథ ఇంకోటి ఉంది. బ్రిటన్‌లో పోస్టాఫీసులకి హొరైజన్ అనే లెక్కల సాఫ్టువేరు పెట్టారు. అది తప్పుగా తేడాలు చూపించేది. 1999 నుంచి 2015 మధ్య దాని లెక్కల్ని ఆధారం చేసుకుని 900 మందికి పైగా పోస్టుమాస్టర్లని దొంగలుగా తేల్చారు. కొందరు జైలుకెళ్ళారు, కొందరు దివాలా తీశారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. కంప్యూటరు సరిగ్గానే పనిచేసింది అని అక్కడి కోర్టులు ముందే అనుకునేవి. కాదని చూపించాల్సిన బాధ్యత ఎదురుగా నిలబడ్డ మనిషిది. సాఫ్టువేరులో తప్పులున్నాయని 2019లో హైకోర్టు తేల్చింది. ఆ శిక్షల్ని మూకుమ్మడిగా రద్దు చెయ్యడానికి 2024 మేలో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చెయ్యాల్సొచ్చింది. మన దేశంలో కంప్యూటరు కాగితాన్ని కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే, ఆ కంప్యూటరు సవ్యంగా పనిచేసిందని ధ్రువపత్రం జతచెయ్యాలి. కోర్టులో అంత జాగ్రత్త ఉంది. బడి ట్రస్టు సమావేశంలో ఏముంది? "కంప్యూటరు అబద్ధం చెప్తుందా, మనిషే చెప్తాడు" అనే నమ్మకం ఒక్కటే ఉంది. ఆ నమ్మకాన్ని జనంలో పెంచింది మనమే, అంటే నాలాంటివాళ్ళం. గారడీ చేసి చూపించి చప్పట్లు కొట్టించుకున్నవాళ్ళం.

సరే, తిట్టడం అయింది. ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. బావ కంప్యూటరు మీద చేసిందే ఇదంతా.

మొదట పత్రానికి ఒక నకలు తీసి, దాని మీద పనిచెయ్యండి. ఆల్ట్ ఎఫ్9 నొక్కి దారులన్నీ కళ్ళారా చదవండి. (కొన్ని ల్యాప్‌టాపుల్లో ఎఫ్ఎన్ మీట కూడా నొక్కాలి.) లింకుల పెట్టెని నమ్ముకోవద్దు. అక్కడ వరసగా చూస్తే ఫైలు పేర్లన్నీ ఒకేలా ఉంటాయి, తేడా ఉండేది మధ్యలో ఫోల్డరు పేరులో. మా బావ తప్పిపోయిందీ అక్కడే.

తర్వాత పాత ఫోల్డరు పేరుని కాసేపు మార్చెయ్యండి. అవును, కావాలని లంకె తెగేట్టు చెయ్యండి. కంట్రోల్ ఏ నొక్కి అంతా ఎంచుకుని ఎఫ్9 నొక్కండి. ఇంకా పాత ఇంటిని పట్టుకుని వేలాడుతున్న లంకె ఏదైనా ఉంటే అప్పుడు బయటపడుతుంది. దొంగని పట్టుకోడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలీదు. హెడ్డర్లు, ఫుటర్లు, టెక్స్టు బాక్సుల్లో ఉన్నవి కంట్రోల్ ఏ పరిధిలోకి రావు, వాటిని విడిగా చూసుకోండి.

దారి మార్చాలంటే పద్నాలుగుసార్లు ఛేంజ్ సోర్స్ నొక్కక్కర్లేదు. ఫీల్డు కోడ్లు కనపడుతున్నప్పుడే కంట్రోల్ హెచ్‌తో 2022-23 బదులు 2023-24 అని ఒక్కసారే మార్చి, మళ్ళీ ఎఫ్9 నొక్కండి. మధ్యలో ఎవరొచ్చి రసీదు అడిగినా ఏదీ జారిపోదు. కాకపోతే ఆ అంకెలు ఫైల్లో ఇంకెక్కడైనా ఉన్నాయేమో చూసుకుని, ఒక్కోటీ ఒప్పుకుంటూ మార్చండి.

ఎక్సెల్లో పట్టికకి ఒక పేరు పెట్టి, ఆ పేరుకి లంకె వెయ్యండి. గళ్ళ లెక్కకి వెయ్యొద్దు. పైన వరసలు చేర్చినా పేరు పట్టికతోపాటే కదులుతుంది.

అన్నిటికంటే ముఖ్యం ఇది. ఎక్సెల్లో ప్రతి పట్టిక పై గడిలో ఆర్థిక సంవత్సరం, తేదీ రాసి, ఆ గడిని కూడా పట్టికతో కలిపే లంకెలోకి తీసుకోండి. శీర్షికలో సంవత్సరాన్ని వర్డులో చేత్తో టైపు చెయ్యొద్దు. మా బావ పట్టికలో ఆ ఒక్క గడి ఉండి ఉంటే, శీర్షిక 2023-24 అని, కింద పట్టిక 2022-23 అని రెండూ పోట్లాడుకునేవి. టీ తెచ్చిన కుర్రాడు కూడా పట్టేసేవాడు. ఆవర్జా పుట సంఖ్య గడి చేసే పని ఇదే.

చివర్న అందరికీ పంచే ప్రతిని పీడీఎఫ్ చెయ్యండి. లంకెలున్న అసలు ప్రతిని మాత్రం ఎక్సెల్ ఫైలుతో సహా భద్రంగా దాచండి. రేపు ఎవరైనా వేలు పెట్టి అడిగితే చూపించడానికి అదే ఉంటుంది.

దసరా సెలవులయ్యాక నేనూ బావతోపాటు బడికి వెళ్ళాను. ట్రస్టువాళ్ళు మర్యాదగానే కూర్చోబెట్టారు. ల్యాప్‌టాపులో తొమ్మిదో పట్టిక దారి చూపించాను. పోయినేడాది నివేదిక తెప్పించి పక్కన పెడితే అదే 4,62,750 అక్కడా ఉంది. అది ఆ గదిలో బీరువాలోనే ఉంది, పదకొండు రోజుల్లో ఎవరూ తీసి చూడలేదు. "ఓహో, కంప్యూటరు పొరపాటన్నమాట" అన్నారు. బావని మర్నాటి నుంచి రమ్మన్నారు. తర్వాతి సమావేశంలో సరిచేసిన పట్టిక పెట్టారు. క్షమించమని ఎవరూ అనలేదు, ఈయనా అడగలేదు.

కానీ మినిట్సు పుస్తకంలో ఆ వాక్యం అలాగే ఉంది. "సంజాయిషీ కోరడమైనది." దాని కింద సంజాయిషీ అందినట్టు గానీ, అనుమానం తీరినట్టు గానీ ఒక్క ముక్క లేదు. రాయమని అడుగు బావా అంటే, "ఎందుకులేరా, పెద్దవాళ్ళతో" అంటాడు. పదేళ్ళ తర్వాత ఆ పుస్తకం తిరగేసేవాడికి ఆ వాక్యం ఒక్కటే కనపడుతుంది. అప్‌డేట్ కాని లంకె అదీ ఒకటి. దాన్ని సరిచెయ్యడానికి ఎఫ్9 మీట లేదు, ఎవరో ఒకరు కలం తీయాలి. వచ్చే సమావేశానికి నేనే ఉత్తరం రాసి పంపుతున్నాను, బావ వద్దన్నా సరే.

బావ మళ్ళీ పెన్సిలు పట్టాడు. ప్రింటు తీసి, ఎక్సెల్ పక్కన పెట్టుకుని, ఒక్కో అంకెకీ టిక్కు కొడుతున్నాడు. ఈసారి నేను నవ్వలేదు, ఎదురుగా కూర్చుని అంకెలు చదివి వినిపించాను.